రెప్పకు అందం, కంటికి గండం



పిల్లల్ని ఎంత జాగ్రత్తగా పెంచామో చెప్పాలంటే ‘కంటికి రెప్పలా చూసుకున్నాం’ అంటాం. మన పెద్దలు రెప్పను కాపుదలకే ఉపమానంగా తీసుకున్నారు. ఈవేళ నేను చెప్పబోయేది ఆ రెప్ప మీద జరిగే శస్త్రచికిత్స కథ. వందల ఏళ్ళపాటు చూపు నిలపడానికి చేసిన ఆపరేషను, గడిచిన నూరేళ్ళలో అందం కోసం కూడా చేయడం మొదలైంది. అరుదుగానే కావచ్చు, అది చూపునే పట్టుకుపోయిన సందర్భాలున్నాయి. అది ఎలా జరుగుతుందో, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్ళం ఏం గుర్తుంచుకోవాలో చెప్పుకుందాం.

సుశ్రుత సంహితలో ‘పక్ష్మకోపం’ అనే వ్యాధి ఉన్నది. రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డును గీసుకుంటూ ఉంటాయి. దానికి సుశ్రుతుడు చెప్పిన వైద్యం ఏమిటంటే, కనుబొమకూ రెప్ప అంచుకూ మధ్య యవగింజ ఆకారంలో చర్మం కోసి తీసి, వెంట్రుకతో కుట్టి, తేనె, నెయ్యి రాయడం. చర్మం బిగుసుకుని వెంట్రుకలు బయటికి తిరుగుతాయన్నమాట. ఇప్పుడు అందానికి పైరెప్ప మీద చేసే కోత కూడా ఇంచుమించు అక్కడే. చోటు అదే, ఉద్దేశం మాత్రం మారింది.

వెంట్రుకలు అలా లోపలికి తిరగడానికి పెద్ద కారణం ట్రకోమా అనే అంటు జబ్బు. దీన్ని అరికట్టడానికి మన ప్రభుత్వం 1963లో జాతీయ కార్యక్రమం పెట్టింది. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారతదేశం తొలగించుకున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. మందులూ, పరిశుభ్రతా ఒక ఎత్తయితే, రెప్పకు చేసే చిన్న ఆపరేషను ఇంకొక ఎత్తు.

మనవైపు వాళ్ళకు ఆ రోజుల్లో పెద్ద కంటి వైద్యమంటే దూరాభారమే. మద్రాసులో కంటి ఆసుపత్రి 1819లోనే వెలిసింది. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో భాగం, అదంతా మద్రాసు రాజధానిలోనిదే. కాని ఇక్కడినుంచి మద్రాసు వెళ్ళగలిగిన ఇల్లాలు ఎందరుంటారు చెప్పండి! 1923లో విశాఖలో వైద్య కళాశాల వచ్చాక ఆ దూరం కొంత తగ్గింది.

ఇక అందం సంగతికి వద్దాం. 1818లో జర్మనీలో గ్రాఫే అనే వైద్యుడు పాడైపోయిన రెప్పల్ని తిరిగి కట్టే ఆపరేషనుకు ‘బ్లెఫరోప్లాస్టీ’ అని పేరు పెట్టాడు. అదీ అందం కోసం కాదు. 1896లో జపానులో మికామో అనే వైద్యుడు రెప్పకు మడత తెచ్చే ఆపరేషను గురించి రాశాడు. 1907లో షికాగోలో మిల్లర్ అనే ఆయన అందం కోసం చేసే శస్త్రచికిత్సల మీద పుస్తకమే వేశాడు. 1926లో పారిస్‌లో సుజాన్ నోయెల్ అనే మహిళా డాక్టరు కూడా ఒక పుస్తకం రాశారు. వయసు మీదపడినట్టు కనిపిస్తే ఆడదానికి కొలువు దొరకదు, కాబట్టి ఇది సరదా కాదు, బతుకు సమస్య అని ఆవిడ వాదన. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే, ఈ ఆపరేషను చేయించుకున్న వారిని చూసి ముక్కున వేలేసుకోవడం నా ఉద్దేశం కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కంటి చుట్టూ ఉండే కొవ్వు దగ్గర. 1951లో కాస్టనారెస్ అనే వైద్యుడు ఆ కొవ్వు ఏయే అరల్లో ఉంటుందో వివరించాక, ఉబ్బు సంచుల్లా కనిపించే కొవ్వును తీసివేయడం వాడుకలోకి వచ్చింది. ఆ కొవ్వులో సన్నని రక్తనాళాలుంటాయి. అవి తెగి, రక్తం కనుగుడ్డు వెనక చేరితే, చుట్టూ ఎముక గోడలు కాబట్టి పోయే దారి లేదు. ఒత్తిడి పెరిగి, చూపు నరానికీ, కంటిలోపలి పొరకూ రక్తప్రసారం ఆగిపోతుంది.

ఎంతమందికి అలా అయింది? అమెరికాలో 1974లో ప్రకటించిన ఒక సర్వేలో సుమారు 98 వేల రెప్ప ఆపరేషన్లు లెక్కచూస్తే, చూపు పోయినవారు పదివేలకు నలుగురు చొప్పున తేలారు. 2004లో వచ్చిన మరో సర్వేలో గుడ్డు వెనక రక్తస్రావం 2,000 మందిలో ఒకరికి, శాశ్వతంగా చూపు పోవడం సుమారు 22,000 మందిలో ఒకరికి. తక్కువే. కాని పోయినవారికి అది లెక్క కాదు, కన్ను.

ఇందులో మనం పట్టించుకోవలసింది సమయం. రక్తం అందకపోతే కంటిలోపలి పొర గంటన్నర, రెండు గంటలకు మించి ఓర్చుకోలేదు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాదాపు 110 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలకు పైమాటే. ఈ రక్తస్రావం చాలా వరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. విశాఖలో ఆపరేషను చేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరిన మనిషికి రాత్రి విపరీతమైన నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకు రావడం, చూపు మసకబారడం కనిపిస్తే, తెల్లవారనిద్దాం అనుకోకూడదు. చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళాలని బస్సు కోసం చూడనూకూడదు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. దగ్గరున్న పెద్దాసుపత్రికి పరుగెత్తి, దారిలోనే డాక్టరుకు ఫోను చెయ్యాలి. వేళకు కుట్లు విప్పి, కంటి బయటి మూల చిన్న గాటు పెట్టి ఒత్తిడి తగ్గిస్తే చూపు దక్కే అవకాశం ఉంది.

మరికొన్ని ఇబ్బందులు నెమ్మదిగా వస్తాయి. చర్మం ఎక్కువ కోస్తే రెప్ప పూర్తిగా మూతపడదు. నిద్రలోనూ కన్ను తెరిచే ఉండి, ఎండి, నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. లోపలి కండరం దెబ్బతింటే ఒక వస్తువు రెండుగా కనిపించవచ్చు.

కాబట్టి ఒప్పుకునే ముందు కంటి డాక్టరు చేత చూపూ, కంట్లో తడీ పరీక్ష చేయించుకోండి. రక్తపోటు, థైరాయిడ్ ఉంటే దాచకండి. ఆస్పిరిన్ వంటి మందులు వాడుతుంటే చెప్పండి, సొంతంగా మానేయకండి. మొదటి రాత్రి ఆ ఊళ్ళోనే ఉండండి. రాత్రివేళ ఎవరికి ఫోను చెయ్యాలో కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో ఒకరు గంట గంటకూ వేళ్ళు చూపించి ఎన్నో అడుగుతూ ఉండండి.

రెప్ప జారి చూపుకే అడ్డం పడుతుంటే ఈ ఆపరేషను మేలే చేస్తుంది. అందానికే అయినా, అది మీ ఇష్టం. రెప్ప ఎంత అందంగా వస్తుందని అడగండి, తప్పులేదు. అంతకంటే ముందు, కన్ను పూర్తిగా మూతపడుతుందా అని అడగండి.