ఎఱ్ఱని వెలుగు – వైద్యము

ఎఱ్ఱని దీపపు కాంతిలో దినమునకు కొన్ని నిమిషములు కూర్చుండినచో ముడుతలు పోవుననియు, కీళ్ల నొప్పులు తగ్గుననియు, వెండ్రుకలు మొలచుననియు చెప్పు ప్రకటనలు నేడు మన యిండ్లలోనికి వచ్చుచున్నవి. వీనిని పూర్తిగ నమ్ముటయు తొందరపాటే, పూర్తిగ త్రోసివేయుటయు తొందరపాటే. ఈ వైద్యమునకు నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని చూచినచో ఏ మాటకు ఎంత విలువ యీయవలెనో మనకే తోచును.

మశూచికి ఎఱుపు మంచిదను నమ్మకము ఐరోపాలో మిగుల పురాతనము. 14వ శతాబ్దమున జాన్ ఆఫ్ గాడెస్డెన్ అను ఇంగ్లండు వైద్యుడు, మశూచి సోకిన రాజకుమారుని చుట్టును ఎఱ్ఱని గుడ్డలు కట్టించి మచ్చలు లేకుండ నయము చేసితినని వ్రాసికొనెను. 1893లో డెన్మార్కు వైద్యుడగు నీల్స్ ఫిన్సెన్ ఈ పాత యాచారమునకు శాస్త్రకారణ మొకటి చూపెను. సూర్యకాంతిలోని ఊదా, అతినీలలోహిత కిరణములు చర్మమును రేపును గనుక, ఎఱ్ఱని తెరలతోను గాజుతోను వాని నడ్డగించినచో పొక్కులు చీము పట్టవని ఆయన వాదము. ఎఱుపు నయము చేయునని ఆయన యనలేదు. అది హాని చేయదని మాత్రమే యనెను. ఛాయాచిత్రములు కడుగువాడు చీకటిగదిలో ఎఱ్ఱదీపము పెట్టుకొనుట వంటిదే యిది. నార్వేలోని బెర్గెన్ నగరమున కొందఱు వైద్యులు ప్రయోగించి మెచ్చుకొనిరి గాని, కాలక్రమమున ఈ పద్ధతి నిలువలేదు. మశూచి తుదకు లొంగినది టీకాకు. 1980లో ప్రపంచారోగ్యసంస్థ ఆ వ్యాధి భూమిపై లేదని ప్రకటించెను.

1903లో ఫిన్సెనునకు నోబెలు బహుమానము వచ్చిన మాట నిజమే. అది చర్మక్షయను కాంతికిరణముల సాంద్రతచే మాన్పినందులకు. అందు పనిచేసినవి నీలపు, ఊదా కిరణములు. తాను చాలకాలము రోగియై, 43వ యేట మరణించిన ఆ మహనీయుని పేరును నేటి వర్తకులు ఎఱ్ఱదీపములకు తగిలించుట మాకు న్యాయముగ తోచదు.

ఎఱుపునకే శక్తి కలదని తెలిసినది మఱియొక చోట, అనుకొనకుండ. 1960లో కెంపు లేజరు వెలసెను. కొన్ని యేండ్లకు బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అను వైద్యుడు ఎలుకల వెండ్రుకలు గొఱిగి, ఆ కాంతి ప్రసరింపజేసెను. కంతులను కరిగించుట ఆయన యుద్దేశము. యంత్రము బలహీనమైనది, కంతులు కరుగలేదు. కాని కాంతి పడిన ఎలుకలకు వెండ్రుకలు శీఘ్రముగ మొలచెను! పిదప ఆయన మానని పుండ్లపై దీనిని ప్రయోగించెను.

కారణ మేమి? ప్రతి కణములోను మైటోకాండ్రియా లను శక్తిగృహములు కలవు. వానిలోని యొక మాంసకృత్తు ఎఱ్ఱని కాంతిని, దాని యావలి కంటికి కానరాని కిరణములను గ్రహించి, కణమునకు చురుకు నిచ్చునని పలువురి యూహ. ఇది యింకను పూర్తిగ తేలలేదు. మోతాదు మాత్రము ముఖ్యము: కొంచెము మేలు చేయును, అధికమైనచో ఫలము తగ్గును, ఒక్కొక్కప్పుడు చెఱుపును.

క్యాన్సరు చికిత్సలో నోరు పూసి మ్రింగలేక బాధపడు కొందఱు రోగులకు ఈ కాంతిని వైద్యసంఘములు సిఫారసు చేసినవి. బట్టతలకు కొంత ఫలము కనబడినది. స్థూలకాయము కరుగుననుటకును, సర్వరోగములు పోవుననుటకును అట్టి సాక్ష్యము లేదు. కాంతికి చర్మము త్వరగ కందునట్లు చేయు మందులు వాడువారును, క్యాన్సరు కలవారును వైద్యు నడుగక దీపము నంటరాదు. కండ్లకు కప్పు తప్పనిసరి.