పక్కపక్కన రెండు బొమ్మలు

మా అమ్మమ్మ, తాతయ్య కలిసి దిగిన ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. విడివిడిగా చెరొకటి ఉన్నాయి. తాతయ్య జ్ఞాపకాలను చిన్న పుస్తకంగా కూర్చుతూ, ఆ రెంటినీ ఒకే పుటలో పక్కపక్కన నిలపాలని లేటెక్‌లో ప్రయత్నించాను. ఒక్కొక్క బొమ్మకు పంక్తి వెడల్పులో సరిగ్గా సగం కేటాయించాను. లెక్క సరిపోయింది గాని, బొమ్మలు మాత్రం ఒకదాని కింద ఒకటి పడ్డాయి.

కారణం చాలాసేపటికి గాని తెలియలేదు. రెండు బొమ్మల ఆదేశాలనూ రెండు పంక్తులలో రాశాను. అలా పంక్తి మారిన చోటును లేటెక్ రెండు మాటల నడుమ ఉండే ఖాళీగా లెక్కిస్తుంది. సగమూ సగమూ కలిసి పంక్తి నిండిపోగా, ఆ పిసరంత ఖాళీకి చోటు చాలక రెండో బొమ్మ కిందికి జారింది. మొదటి పంక్తి చివర శాతం గుర్తు పెట్టగానే ఖాళీ మాయమై ఇద్దరూ ఒక చోటికి చేరారు.

అంటే ఆ యంత్రం దృష్టిలో అవి బొమ్మలు కావు, రెండు పెద్ద అక్షరాలు! 1977లో తన గ్రంథం రెండో సంపుటి కొత్త కూర్పు ప్రూఫులు చూసి నిరాశ చెందిన డొనాల్డ్ కనూత్, టెక్ రూపకల్పనకు పూనుకున్నాడు. లేటెక్‌కు పునాది అదే. అందులో ప్రతి అక్షరమూ ఎత్తు, లోతు, వెడల్పు గల ఒక పెట్టె. బొమ్మా అంతే. పెట్టెలో ఏమున్నదో దానికి పట్టదు.

ఈ పద్ధతి కంప్యూటరుతో పుట్టినది కాదు. చెక్క మీద బొమ్మ చుట్టూ తొలిచివేస్తే గీతలు ఉబ్బెత్తుగా మిగులుతాయి. సీసపు అక్షరమూ ఉబ్బెత్తుదే. రెండింటి ఎత్తు సమానమైతే ఒకే చట్రంలో బిగించి, ఒకే సిరా పూసి, ఒకే ఒత్తుతో అచ్చు వేయవచ్చు. మన ఊళ్ళలోని ట్రెడిల్ ప్రెస్సులలో జింకు బ్లాకును చెక్కకు బిగించి అక్షరాల ఎత్తుకు తెచ్చినదీ ఇందుకే.

ఈ సౌలభ్యాన్ని అందరికన్నా చమత్కారంగా వాడుకున్నవాడు స్ట్రాస్‌బర్గ్ ముద్రాపకుడు యోహాన్ గ్రూనింగర్. 1496లో అతడు రోమన్ నాటకకర్త టెరెన్స్ ఆరు నాటకాలను అచ్చు వేశాడు. రంగానికొక బొమ్మ చెక్కించడం ఖర్చుతో కూడిన పని. అందుకని మనుషులను, చెట్లను, ఇళ్ళను విడివిడి దిమ్మెలుగా చెక్కించి, రంగాన్ని బట్టి వాటిని పక్కపక్కన పేర్చాడు. ఒక నాటకంలోని మనిషే మరో నాటకంలో మరొకడయ్యాడు. ఎన్నడూ కలిపి చెక్కని ఇద్దరు పుట మీద ఎదురెదురుగా నిలిచి మాట్లాడుకున్నారు. అక్షరాలతో మాటలు కూర్చినట్టే, బొమ్మలతో రంగాలు కూర్చాడన్నమాట.

ఆ తరువాత రాగి రేకు వచ్చింది. అందులో సిరా నిలిచేది గీత పల్లంలో. కాగితం దానిని పీల్చుకోవాలంటే రోలర్ల మధ్య గట్టి ఒత్తిడి కావాలి, దానికి వేరే యంత్రం కావాలి. సన్నని గీతలు దక్కాయి గాని బొమ్మకూ అక్షరానికీ పొత్తు చెడింది. దిదెరో ఎన్‌సైక్లొపీడియాయే చూడండి: 1751 నుండి 1765 వరకు వెలువడిన 17 సంపుటాలలో పాఠం, 1762 నుండి 1772 వరకు వెలువడిన 11 సంపుటాలలో చిత్రాలు. ఒక పనిముట్టును గురించి చదివి దాని రూపు చూడాలంటే రెండు బరువైన పుస్తకాలు ముందు పెట్టుకోవలసిందే. మళ్ళీ బొమ్మను అక్షరాల నడుమకు తెచ్చిన వారిలో ముఖ్యుడు ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు చెందిన థామస్ బ్యూయిక్. గట్టి బాక్స్‌వుడ్ చెక్కను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద రాగి పనికి వాడే ఉలితో చెక్కాడు. గీత సన్నదనమూ దక్కింది, అక్షరాల పక్కన చోటూ దక్కింది. 1790లో వచ్చిన అతని చతుష్పాద జంతువుల చరిత్ర అలా తయారైనదే.

ఇంత చదివాక నా పుటను మళ్ళీ తెరిచి చూశాను. ఖాళీ లేకుండా అతుక్కున్న ఆ రెండు ఫొటోలూ ఒకే రోజున, ఒకే స్టూడియోలో తీసినట్టు ఉన్నాయి. కాని తాతయ్యది పెళ్ళికి ముందుది. అమ్మమ్మది ఆయన పోయిన తరువాతది. పక్కపక్కన పెట్టడం కూడా ఒక వాక్యం రాయడమేనని, ఆ వాక్యం అబద్ధం కావచ్చునని అప్పటిదాకా నాకు తోచలేదు. గ్రూనింగర్ పుస్తకంలో నేల గీతలు అతుకుల దగ్గర తెగి కనిపిస్తాయి. ఆ అతుకే చూపరికి నిజం చెబుతుంది.

శాతం గుర్తు తీసివేశాను. బొమ్మలను కొద్దిగా కుదించి, నడుమ ఆ ఒక్క మాట ఖాళీకి చోటిచ్చాను. కింద ఎవరి సంవత్సరం వారికి వేశాను. ఇద్దరూ ఇప్పుడు ఒకే పంక్తిలో ఉన్నారు.