బడి మారగలిగినవారూ, మారలేనివారూ



జూన్ నెల వచ్చిందంటే ప్రధానోపాధ్యాయుల గదుల ముందు టీసీల కోసం తల్లిదండ్రులు బారులు తీరుతారు. ఆ బదిలీ పత్రంతో ఒక బిడ్డ తనకు నచ్చిన బడికి వెళ్తుంది. అదే రోజున, విడిచిపెట్టిన బడి హాజరుపట్టీలో ఒక పేరు తగ్గుతుంది. మొదటి సంగతి అందరికీ కనిపిస్తుంది, రెండవదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల చరిత్ర ఆధారంగా ఆ రెండవ లెక్కను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తమిళులు ‘కరిసల్’ అని పిలిచే ఈ నల్లరేగడి సీమకు విజయనగర, మధుర నాయక రాజుల కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకుల వంశీకుడే. కోవిల్‌పట్టి దాపున ఇడైసేవల్ గ్రామంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష కూడా తెలుగే. తెలుగువారి వలసగాథను ఆయన తమిళ నవలలుగా మలిచారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఉన్నత విద్య మెట్లెక్కని ఆ రచయిత తరువాతి కాలంలో పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్య స్థానాన్ని అలంకరించారు.

అయితే ఈ సీమలో తెలుగువారంటే ఒకే వర్గం అనుకోకండి. పొలాలున్న కమ్మవారు, రెడ్లు ఉన్నారు. తరతరాలుగా తోలుపని, పారిశుద్ధ్య పని, కూలిపని చేస్తూ వచ్చిన అరుంధతీయులూ ఉన్నారు. వీరిలో అనేకుల ఇళ్ళలో నేటికీ తెలుగే వినిపిస్తుంది. భాష ఒక్కటే, బడి వాకిలి మాత్రం అందరికీ ఒక్కటి కాలేదు.

బడి వాకిలి గురించి విరుదునగర్ చెప్పే పాఠం గొప్పది. పంతొమ్మిదవ శతాబ్దంలో నాడార్లకు ఆలయ ప్రవేశం లేదు. ఆ వైషమ్యాలే 1899లో శివకాశి అల్లర్లుగా బద్దలయ్యాయి. అంతకు పదేళ్ళ ముందే, 1889లో, విరుదునగర్ నాడారు వర్తకులు తమ వ్యాపారాల మీద తామే విధించుకున్న ‘మహిమై’ రుసుముతో క్షత్రియ విద్యాశాలను స్థాపించారు. ఇంటింటా తీసిపెట్టిన పిడికెడు బియ్యం కూడా ఆ బడికి ఆసరా అయింది. 1903లో ఆ ఊళ్ళోనే పుట్టిన కామరాజ్ ఆ బడిలో చదివి, తండ్రి మరణానంతరం చదువు మానుకొని, మేనమామ బట్టల దుకాణంలో పనికి కుదిరారు. నిధి కూడబెట్టగలిగిన సమాజం తన బడిని తానే కట్టుకుంది. ఆ బడి ఉన్నప్పటికీ, పేద ఇంటి పిల్లవాడు అందులో నిలవలేకపోయాడు. ఈ రెండు సంగతులనూ జంటగా గుర్తుంచుకోవాలని మనవి.

నిధి కూడబెట్టే శక్తి లేనివారి మాటేమిటి? మద్రాసు ప్రభుత్వం 1893లో పంచమ పాఠశాలలను ప్రోత్సహిస్తూ ఉత్తర్వు జారీ చేసింది. 1920ల నుంచి లేబర్ శాఖ కూడా విడిగా బడులు నడిపింది. బడి ముఖమే చూడని పిల్లలకు అవి అక్షరాలు నేర్పాయి, ఆ మేలును కాదనలేము. కానీ ప్రత్యేక బడి ఉండటమే సాకుగా ఊరి బడి తలుపు మూసుకొనే వీలు కూడా కలిగింది. నేటి ఆది ద్రావిడ సంక్షేమ పాఠశాలల మూలాలు అక్కడే ఉన్నాయి.

1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్, పిల్లల బడి వేళలు తగ్గించి మిగిలిన సమయం ఇంటి వృత్తికి కేటాయించిన 1953 నాటి పథకాన్ని రద్దుచేశారు. కోవిల్‌పట్టికి సమీపంలోని ఎట్టయపురంలో మధ్యాహ్న భోజనానికి శ్రీకారం చుట్టారు. అయినప్పటికీ కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అగ్గిపెట్టెల కర్మాగారాలు దశాబ్దాలపాటు పేద పిల్లలను పనిలోకి లాగుతూనే వచ్చాయి. ధనికుల పిల్లలకు బడి మారడమంటే ఒక బడి నుంచి మరో బడికి పోవడం. పేదల పిల్లలకు అది బడి నుంచి పనికి పోవడం అయింది.

ఇక భాష విషయానికి వద్దాం. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. ప్రాథమిక స్థాయిలో ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ అల్పసంఖ్యాక భాష పిల్లలుంటే, మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ఈ ఆశయానికి బలమిచ్చింది. మంచిదే! కానీ సూత్రంలోని మెలికను గమనించండి. ఈ హక్కు బిడ్డ బిడ్డకూ విడిగా దక్కేది కాదు, పదిమంది ఉంటేనే దక్కేది. ఫీజు కట్టగల నాలుగు కుటుంబాలు టీసీ పుచ్చుకొని ఆంగ్ల మాధ్యమానికి వెళ్తే పదకొండు మంది ఏడుగురవుతారు. వెళ్ళినవారు చట్టప్రకారం ఏ తప్పూ చేయలేదు. అయినా మిగిలిన ఏడుగురి తెలుగు హక్కు వారితోపాటే వెళ్ళిపోయింది. ఆ ఏడుగురు ఎవరై ఉంటారో మీరే ఊహించగలరు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నల్లజాతి, తెల్లజాతి పిల్లలను వేరుచేసే బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాత టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ నగరం ఒక నిబంధన పెట్టుకుంది. ఏ బడిలోనైనా తన జాతివారు తక్కువగా ఉంటే, ఆ విద్యార్థి తన జాతివారు ఎక్కువగా ఉన్న బడికి మారిపోవచ్చు. పైకి అందరికీ సమానమైన ఆ స్వేచ్ఛ పాత విభజనను తిరిగి నిలబెట్టేదేనని 1963లో కోర్టు దాన్ని కొట్టివేసింది. వర్జీనియాలోని న్యూకెంట్ కౌంటీలో ఉన్నవి రెండే బడులు, ఎవరికి నచ్చిన బడిని వారు ఎంచుకోవచ్చు. మూడేళ్ళలో ఒక్క తెల్లజాతి బిడ్డ కూడా నల్లవారి బడిని ఎంచుకోలేదు. నల్లజాతి పిల్లల్లో 85 శాతం మంది పాత బడిలోనే ఉండిపోయారు. ఇటువంటి ఎంపిక చాలదని 1968లో కోర్టు తేల్చింది. కాగితం మీద సమానంగా ఉన్న స్వేచ్ఛ, దాన్ని వాడుకునే శక్తి సమానంగా లేనిచోట అంతరాలనే కాపాడుతుంది.

మన 2009 విద్యాహక్కు చట్టం మాటేమిటి? అందులోని 5వ సెక్షను బడి మారే హక్కును ఇచ్చింది, టీసీని వెంటనే ఇవ్వాలని ప్రధానోపాధ్యాయులను ఆదేశించింది. ఇది పేదలకు పెద్ద రక్ష. కానీ ఆ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల వరకే. ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడులు, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల వంటివి దాని పరిధిలో లేవు. ప్రైవేటు బడుల్లో పేదలకు కేటాయించిన 25 శాతం సీట్లు ప్రవేశ తరగతిలోనే. అయిదవ తరగతిలో బడి మారదలచిన పేద బిడ్డకు ఆ తలుపు తెరుచుకోదు. డబ్బున్నవారు మాత్రం ఏ తరగతిలోనైనా మారగలరు.

తమిళనాడు 2006 చట్టం తమిళాన్ని మొదటి భాగంగా తప్పనిసరి చేసింది. మాతృభాషకు నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా చోటు మిగిల్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పదవ తరగతి తమిళ పరీక్ష నుంచి ఒక ఏడాది మినహాయింపును పొడిగించినప్పుడు అది భాషాల్పసంఖ్యాక పాఠశాలల విద్యార్థులకే వర్తించింది. అటువంటి బడి అందుబాటులో లేని పేటలో, ఇంట తెలుగు మాట్లాడి మామూలు బడిలో చదివే అరుంధతీయ బిడ్డ గురించి ఆ వివాదంలో ప్రస్తావనే లేదు. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు అవసరమే, అందులో వాదన లేదు. తెలుగు అక్షరం కూడా వారికి దక్కాలన్నదే మన విన్నపం.

బడి మారవద్దని ఎవరికీ చెప్పలేము. బిడ్డ మేలు కోరడం తల్లిదండ్రుల ధర్మం. కానీ టీసీ అడిగే ముందు ఆ తరగతిలో తెలుగు పిల్లలు ఎంతమంది మిగులుతారో ఒక్కసారి అడిగి తెలుసుకోండి. కొత్త బడిలో చేర్చేటప్పుడు మాతృభాష గడిలో ‘తెలుగు’ అని రాయించండి, నాలుగవ భాగంలో తెలుగు బోధించమని లిఖితపూర్వకంగా కోరండి. ఉపాధ్యాయులారా, తెలుగు పిల్లల లెక్క తీసేటప్పుడు నాయుళ్ళ వీధి, రెడ్ల వీధులతో ఆగిపోకండి. అరుంధతీయుల కాలనీకి కూడా నడవండి. అక్కడి ఇళ్ళలోని తెలుగు పిల్లలను కలిపితే, పది నిండని తరగతులు కొన్నైనా నిండుతాయి. ఇన్నాళ్ళూ మనం విడిచిపెట్టిన ఆ పేర్లే మన తెలుగు తరగతిని నిలబెట్టగలవు.