గ్రంథాలయంలో వైఫై: భద్రత యెవరికి?

1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపించారు. ఆంధ్ర గ్రంథాలయోద్యమంలో అదొక ఉజ్జ్వల ఘట్టం. మా అనంతపురం మెట్టకు అటువంటి పడవ రాలేదు. అప్పట్లో వచ్చే కాలువ యేదీ? అయినా 1960 నాటి చట్టం కింద యింటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకాన్ని కోస్తావారిలాగే మేమూ కడుతున్నాము. కనుక పఠన మందిరంలో వైఫై యెవరో వేసే భిక్ష కాదు, కట్టిన పన్నుకు రావలసిన పడవ.

యీ మధ్య మా జిల్లాలోని ఒక పఠన మందిరంలో నా విద్యార్థిని ఒకామె ఆ వైఫై కోసం కూర్చున్నది. ముందు ఫోను నంబరు యివ్వాలి. ఆమె చేతిలోది సిమ్ము లేని పాత ఫోను. నంబరు నాన్నది, ఆయన శెనక్కాయ చేలో వున్నాడు. ఓటీపీ చెప్పమంటే, యేం చదువుతున్నావని అడుగుతాడు. ఆమె దినపత్రిక తిరగేసి వెళ్లిపోయింది. యేమి చదవదలచిందో నేనూ అడగలేదు.

యీ నంబరు తంతు ఊరికే పుట్టలేదు. 2008 జూలైలో అహ్మదాబాదు పేలుళ్లకు ముందు వచ్చిన ఈమెయిలు, నవీ ముంబైలో తాళం లేని ఒక యింటి వైఫై ద్వారా వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో టెలికం శాఖ ఉత్తర్వు వచ్చింది: బహిరంగ వైఫై వాడేవారి గుర్తింపు నమోదు చేయాలి, యేడాది భద్రపరచాలి. ఆనాటినుంచి ‘సురక్షిత వైఫై’ అంటే చదువరి నుంచి రాజ్యానికి రక్షణ అనే అర్థం స్థిరపడింది.

మరి చదువరికి రక్షణ? గోడకు అంటించిన ఒకే పాస్‌వర్డు అందరికీ యిస్తే, 2004 నాటి డబ్ల్యుపీఏ2 పద్ధతిలో, అది తెలిసిన పక్కబల్ల మనిషి మన ఫోను వైఫైతో కలిసే క్షణాన్ని పట్టుకొని, ఆపైన సాగే రాకపోకల్ని విప్పగలడు. బ్యాంకు పేజీలకు వేరే తాళం వుంటుంది గనుక సొమ్ము సాధారణంగా పోదు. యే సైటుకు వెళ్లామో మాత్రం తెలిసిపోవచ్చు. 2018లో వచ్చిన డబ్ల్యుపీఏ3 ఆ సందు పూడ్చింది. రౌటర్లు కొనేవారి చెవిన వేయవలసిన మాట యిది.

2005లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, ఒక గ్రంథాలయ కంప్యూటరును యెవరు వాడారో చెప్పమని ఎఫ్‌బీఐ లేఖ యిచ్చింది. ఆ సంగతి బయటపెట్టవద్దనీ శాసించింది. నలుగురు గ్రంథపాలకులు కోర్టుకెక్కారు. 2006లో ప్రభుత్వమే వెనక్కు తగ్గింది. ఆ నలుగురూ విప్లవకారులేమీ కారు సుమా!

మన 2009 ఉత్తర్వులోనే ఇంకొక దారి వున్నది. నంబరుకు బదులు ఫోటో గుర్తింపు పత్రం నకలు యిచ్చినా చాలునన్నారు. నా విద్యార్థినికి గ్రంథాలయ సభ్యత్వం వున్నది. గుర్తింపు పత్రం నకలు యిచ్చి పాస్‌వర్డు చీటీ తీసుకొనే వీలు ఆ మందిరంలో యెవరూ పెట్టలేదు.