కారు బ్యాటరీ టెర్మినల్‌కి వ్యాసలిన్ ఎందుకు?

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే లెడ్-యాసిడ్ బ్యాటరీ తయారుచేశాడు. కానీ కారులో దాని టెర్మినల్‌కి అసలు పరీక్ష 1912లో మొదలైంది. అప్పటిదాకా చాలా కార్లని చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. అది వెనక్కి తంతే చేతులు విరిగేవి. కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక ఆ భారం బ్యాటరీ మీద పడింది.

స్టార్టర్ మోటార్ వందల ఆంపియర్లు లాగుతుంది. లెక్క చూడండి: 200 ఆంపియర్లకి 0.01 ఓమ్ అడ్డొస్తే చాలు, ఇప్పటి 12 వోల్టుల్లో 2 అక్కడే పోతాయి! టెర్మినల్ మీద పేరుకునే తెల్లటి, నీలం-పచ్చ పొడి చేసే పని ఇదే. యాసిడ్ సీసాన్నీ రాగినీ తినేస్తే వచ్చే సల్ఫేట్ అది.

అందుకే ఇంజిన్ ఆపి, ముందు నెగటివ్ వైరు తీసి, వంటసోడా నీళ్లతో కడిగి, మెరిసేదాకా రుద్దాలి. ఆరాక గట్టిగా బిగించాలి, నెగటివ్ చివర్లో. ఆ పైన వ్యాసలిన్ రాయాలి. 1872లో పేటెంట్ అయిన ఆ జెల్లీ తేమని తగలనివ్వదు.

కొత్త బ్యాటరీకి డబ్బులు పెట్టేముందు, ఒక్కసారి ఆ క్లాంప్ తీసి చూడండి.