చంద్రుడి మీదకి మనిషి మళ్లీ ఎందుకు వెళ్లలేదు?



1972 డిసెంబర్ 14. చంద్రుడి మీద ఒకాయన నిచ్చెన ఎక్కి ఇంటికి బయల్దేరబోతున్నారు. పేరు జీన్ సెర్నన్, అపోలో 17 కమాండర్. అంతకుముందే రోవర్‌ని కాస్త దూరంలో ఆపేసి, అక్కడి దుమ్ములో తన కూతురి పేరులోని పొడి అక్షరాలు మూడు రాశారు. అక్కడ గాలి లేదు, వాన లేదు. కాబట్టి ఆ అక్షరాలు ఇప్పటికీ అలాగే ఉండి ఉంటాయి.

బయల్దేరే ముందు ఆయన రేడియోలో ఒక మాట చెప్పారు. మళ్లీ రావడానికి మరీ ఎక్కువ కాలం పట్టదనే నమ్ముతున్నాం అని. 2017 జనవరిలో, 82 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. అప్పటికి కూడా చంద్రుడి మీద నడిచిన చివరి మనిషి ఆయనే.

మరి ఎందుకు ఆగిపోయింది? ఈ టాపిక్ అనగానే కామెంట్స్‌లో రెండు మాటలు గ్యారంటీగా వస్తాయి. ఒకటి, "అసలు వెళ్లనేలేదు బ్రో, అంతా స్టూడియోలో తీశారు." రెండోది, "అక్కడ ఏదో చూసి భయపడి ఆపేశారు." మొదటిదానికి ముందే జవాబు చెప్పేసుకుందాం. 1969 నుంచి 1972 లోపు 6 సార్లు దిగారు, 12 మంది నడిచారు. 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదకి సైంటిస్టులు ఇప్పటికీ లేజర్ కొట్టి దూరం కొలుస్తున్నారు. మన చంద్రయాన్-2 ఆర్బిటర్ కూడా అపోలో 11 దిగిన చోటుని ఫొటో తీసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, అబద్ధమైతే పట్టుకుని పరువు తీయడానికి సోవియట్ యూనియన్ కాచుకుని కూర్చుంది. వాళ్లే నోరు మెదపలేదు.

కాబట్టి వెళ్లారు. ఎందుకు ఆగారో తెలియాలంటే, అసలు ఎందుకు వెళ్లారో చూడాలి.

1957లో సోవియట్లు స్పుత్నిక్ పంపారు. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్‌ని అంతరిక్షంలోకి పంపారు. రెండుసార్లూ అమెరికా వెనకబడింది. అదే నెలలో క్యూబా మీద చేయించిన దాడి కూడా అడ్డంగా ఫెయిలైంది. ప్రెసిడెంట్ కెన్నెడీకి ఏదో ఒకటి గెలవాలి. మే 25న పార్లమెంటు ముందు నిలబడి, ఈ పదేళ్లు అయ్యేలోపు చంద్రుడి మీద మనిషిని దించుతాం అన్నారు. ఆ రోజుకి అమెరికా మనుషులు అంతరిక్షంలో గడిపిన మొత్తం టైమ్ ఎంతో తెలుసా? సుమారు 15 నిమిషాలు.

1962 నవంబర్‌లో కెన్నెడీకీ నాసా అధిపతి జేమ్స్ వెబ్‌కీ మధ్య జరిగిన ఒక మీటింగ్ టేప్ తర్వాత బయటికొచ్చింది. అందులో వెబ్ సైన్స్ గురించి మాట్లాడుతుంటే, కెన్నెడీ తనకి అంతరిక్షం మీద అంత ఆసక్తి లేదని, రష్యన్ల కంటే ముందు చేరడమే ముఖ్యమని చెప్తారు. మొత్తం కథకి తాళంచెవి ఇదే. అది పోటీ. పోటీకి ఫినిష్ లైన్ ఉంటుంది. లైన్ దాటాక ఎవరైనా ఇంకా ఎందుకు పరిగెడతారు?

పరిగెత్తినన్నాళ్లు మాత్రం మామూలుగా పరిగెత్తలేదు. 1966లో అమెరికా ప్రభుత్వం పెట్టిన ప్రతి 100 డాలర్లలో 4 డాలర్లకి పైగా నాసాకే వెళ్లింది. ఇప్పుడు అది అర డాలర్ కూడా లేదు. దాదాపు 4 లక్షల మంది పనిచేశారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చంద్రుడి మీదకి తీసుకెళ్లిన సాటర్న్ 5 రాకెట్లు ఇక కొత్తవి తయారు చేయొద్దని 1968లోనే నిర్ణయించారు. అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంకా కాలు కూడా పెట్టలేదు, అప్పటికే షాపు మూసే పని మొదలైపోయింది. ఎందుకంటే వియత్నాం యుద్ధం డబ్బు మింగేస్తోంది. దేశంలో నగరాలు తగలబడుతున్నాయి. అపోలో 11 ఎగరడానికి ముందు రోజు రాల్ఫ్ అబెర్నతీ అనే నల్లజాతి నాయకుడు పేద కుటుంబాలతో, కంచరగాడిదల బండితో లాంచ్ సెంటర్ దగ్గరికొచ్చి నిరసన తెలిపారు. పిల్లలు ఆకలితో ఉంటే ఈ ఖర్చు దేనికి అని ఆయన ప్రశ్న. అప్పటి నాసా చీఫ్ థామస్ పెయిన్ స్వయంగా వెళ్లి ఆయన్ని కలిశారు. రాకెట్ ఆపితే పేదరికం పోతుందంటే మేం బటన్ నొక్కం అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

గెలిచిన 6 నెలలకే, 1970 జనవరిలో అపోలో 20 రద్దు. ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంక్ పేలి, ముగ్గురూ చావు దాకా వెళ్లి వచ్చారు. సెప్టెంబర్‌లో ఇంకో రెండు ప్రయాణాలు రద్దు. వాటికోసం కట్టిన రాకెట్ భాగాలు ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉన్నాయి. టికెట్ కొనుక్కుని చూడొచ్చు. ఎగరాల్సిన రాకెట్ ఎగ్జిబిషన్ బొమ్మ అయిపోయింది.

అటు సోవియట్ల ఎన్1 రాకెట్ 4 సార్లు ప్రయోగిస్తే 4 సార్లూ ఫెయిలైంది. తరిమేవాడే లేనప్పుడు ఇక పరుగెందుకు?

1972 జనవరిలో ప్రెసిడెంట్ నిక్సన్ స్పేస్ షటిల్‌కి ఓకే చెప్పారు. షటిల్ వెళ్లగలిగింది భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు వరకే. అంతరిక్ష కేంద్రం కూడా మన పైన 400 కిలోమీటర్లే. హైదరాబాద్ నుంచి తిరుపతి అంతకంటే దూరం. చంద్రుడు ఉన్నది సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. అంటే వెళ్లడానికి బండే లేకుండా చేసుకున్నారు.

సరే, పాత రాకెట్‌నే మళ్లీ కట్టొచ్చు కదా? డ్రాయింగ్స్ పోయాయని ఒక పుకారు ఉంది, అది నిజం కాదు, ఉన్నాయి. కానీ పని తెలిసిన చేతులు లేవు. ఒక్కో ఇంజిన్‌కి వెల్డర్లు అప్పటికప్పుడు చేసిన చిన్న చిన్న సర్దుబాట్లు చాలావరకు కాగితం మీదకి ఎక్కలేదు. 2013 ప్రాంతంలో నాసాలోని కుర్ర ఇంజినీర్లు, స్టోర్‌లో ఉన్న ఒక ఎఫ్-1 ఇంజిన్‌ని విప్పి, స్కాన్ చేసి, అదెలా పనిచేస్తుందో మొదట్నుంచి నేర్చుకున్నారు. తాతగారి రేడియో విప్పి చూసినట్టు. టెక్నాలజీ తనంతట తానే ముందుకెళ్తుందని మనం అనుకుంటాం. వెళ్లదు. వాడడం మానేస్తే పదేళ్లలో చేతిలోంచి జారిపోతుంది.

మళ్లీ వెళ్దామని అనలేదా? అన్నారు. 1989లో పెద్ద బుష్ అన్నారు, ఖర్చు అంచనా చూసి పార్లమెంటు పక్కన పెట్టేసింది. 2004లో చిన్న బుష్ 2020కల్లా వెళ్తామన్నారు. 2010లో ఒబామా దాన్ని ఆపేశారు. 2017లో ట్రంప్ మళ్లీ మొదలుపెట్టారు. 2024కల్లా దిగుతాం అన్నారు, 2024 వచ్చింది, పోయింది. చంద్రుడి పని పదేళ్ల పని, ప్రెసిడెంట్ కుర్చీ నాలుగేళ్లది. ఒకరు తవ్విన పునాది ఇంకొకరు పూడ్చేస్తుంటే ఇల్లు ఎప్పుడు లేస్తుంది?

ఈలోపు రోబోలు వచ్చేశాయి. శ్రీహరికోట నుంచి 2008లో వెళ్లిన చంద్రయాన్-1 అక్కడ నీటి ఆనవాళ్లు పట్టించింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 సుమారు 615 కోట్ల ఖర్చుతో దక్షిణ ధ్రువం వైపు దిగింది. రోబోకి అన్నం అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, వెనక్కి తీసుకురానక్కర్లేదు. మనిషిని పంపితే, తిరిగి తేవాలి. ఖర్చంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మళ్లీ కదలిక వచ్చింది. 2022 నవంబర్‌లో బయల్దేరిన ఆర్టెమిస్ 1 మనుషులు లేకుండా చంద్రుడి చుట్టూ తిరిగొచ్చింది. చైనా 2030కల్లా తమవాళ్లని దించుతామంటోంది. అది వినగానే అమెరికాలో కూడా హడావుడి పెరిగింది. అంటే ఏంటి? మళ్లీ అదే పోటీ. నాకున్న భయం కూడా అక్కడే. గెలవడానికే వెళ్తే, గెలిచిన మర్నాడు మళ్లీ ఆపేస్తారు.

మన దేశం 2040కల్లా చంద్రుడి మీదకి భారతీయుణ్ణి పంపాలని టార్గెట్ పెట్టుకుంది. ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న మీలో కొంతమంది అప్పటికి ఆ కంట్రోల్ రూమ్‌లో కూర్చునే వయసులో ఉంటారు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు దిగుతాం" అని ఒక్కటే కాదు. "దిగిన తర్వాత ఏం చేస్తాం, ఆ ఖర్చు ఎన్నేళ్లు భరిస్తాం" అని కూడా అడగాలి. అపోలో వాళ్లు మొదటి ప్రశ్నకి అద్భుతమైన జవాబిచ్చారు. రెండోది ఎవరూ అడగలేదు.

మరి మీరేమంటారు? ఆ డబ్బు మనిషిని పంపడానికి పెట్టాలా, రోబోలతో సరిపెట్టుకోవాలా? కామెంట్‌లో రాయండి.