ఉప్పు దొరకని దీవిలో పులుపు: ఐస్‌లాండ్ ఆహార సంప్రదాయంపై ఒక పరిశీలన

చల్లని దీవుల తిండి గురించి రాసేవారు తరచూ అన్నిటికీ చలినే కారణంగా చూపుతారు. ఐస్‌లాండ్ విషయంలో ఆ వివరణ చాలదు. అక్కడి పాతకాలపు ఆహారాన్ని తీర్చిదిద్దడంలో చలి కన్నా రెండు కొరతల పాత్రే పెద్దది: ఉప్పు, వంటచెరకు. నిజానికి ఇవి రెండూ ఒకే కొరత. చుట్టూ సముద్రమే అయినా, మడుల్లో నీరు ఇంకి ఉప్పు తేలేంత ఎండ అక్కడ కాయదు. ఉప్పు కావాలంటే సముద్రపు నీటిని కాచాలి, కాచాలంటే కట్టెలు కావాలి. 9వ శతాబ్దం చివర నార్వే వలసదారులు దిగేనాటికి దీవిలో కనీసం నాలుగో వంతు నేలను బర్చ్ చెట్లు కప్పి ఉండేవని అంచనా. గొర్రెల మేత, బొగ్గు, ఇళ్ల కట్టుబడి కలిసి కొన్ని శతాబ్దాల్లోనే ఆ అడవిని హరించాయి. ఇప్పుడు మిగిలిన బర్చ్ అడవి ఒకటిన్నర శాతం మాత్రమే. సముద్రపు నాచును కాల్చి ఆ బూడిద నుంచి నల్లటి ఉప్పు తీసేవారు గాని, అది ఏడాది పొడుగునా మాంసం నిల్వచేయడానికి సరిపోయేది కాదు. 1602 నుంచి 1787 దాకా సాగిన డెన్మార్క్ వర్తక గుత్తాధిపత్యం వల్ల బయటి సరుకు చవకగా అందే దారీ మూసుకుపోయింది. 1770లలో వెస్ట్‌ఫ్యోర్డ్స్ ప్రాంతంలోని రేక్యానెస్‌లో వేడినీటి ఊటల మీద ఉప్పు వండే కర్మాగారం పెట్టారు. ఆలోచన గొప్పదే అయినా అది ఎక్కువ కాలం నిలవలేదు.

ఉప్పు చేయవలసిన పనిని ఆ దీవిలో పాలు చేశాయి. వెన్న తీసిన పాలను కాచి, గోరువెచ్చగా చల్లార్చి, పాత స్కీర్ కొంచెం తోడు వేసి, దూడ పొట్టనుంచి తీసిన రెన్నెట్ కలిపితే పేరుకుంటుంది. గుడ్డలో వడగడితే పైన మిగిలే చిక్కని ముద్దే స్కీర్. నేడు ప్రపంచమంతా అమ్ముడుపోతున్నది ఈ ముద్దే. కానీ నిల్వ చరిత్రలో అసలు సంగతి కిందికి దిగిన తేటది. తొట్లలో నెలల తరబడి పులియబెడితే అది సీరా అనే ఘాటైన పులుపునీరు అవుతుంది. ఉడికించిన మాంసం, రక్తపు సాసేజీలు, గొర్రె తలలు అందులో మునిగి శీతకాలం దాటేవి. లాక్టిక్ ఆమ్లం కుళ్లబెట్టే సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ఎముకలను సైతం మెత్తబడేదాకా నానబెట్టి తినేవారు. సీరాను నీళ్లలో పలచగా కలిపితే బ్లాందా, అంటే రోజువారీ దాహం తీర్చే పానీయం. బార్లీ సాగు క్షీణించిన దేశంలో బీరుకు ఇంత సులువైన బదులు మరొకటి లేదు.

ఈ తేట ఎంత విస్తారంగా ఉండేదో చెప్పే ఆధారాలు ఉన్నాయి. 1939లో తవ్విన స్తోంగ్ అనే మధ్యయుగపు పొలపు ఇంటి నిల్వగదిలో పెద్ద పెద్ద తొట్లు కుదురుకున్న గుంటలు బయటపడ్డాయి. 1253లో ఫ్లుగుమీరి ఇంటిని శత్రువులు తగలబెట్టినప్పుడు గిస్సుర్ థోర్వాల్డ్‌సన్ అనే నాయకుడు తేటతొట్టిలో దాక్కుని బతికాడని స్తుర్లుంగా సాగా చెబుతుంది. సాగాలను అక్షరాలా నమ్మకూడదన్న మాట నిజమే. అయినా మనిషి పట్టేంత తొట్టి ఇంట్లో ఉండటం ఆనాటి శ్రోతలకు వింతగా తోచి ఉంటే, ఆ కథ అలా సాగేది కాదు.

చలి ఎక్కువ కాబట్టి ఆహారం దానంతట అదే నిలిచి ఉండేది కదా, పులుపు అవసరం ఎందుకు పడింది అని అడగవచ్చు. వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల రేక్యావిక్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. గడ్డకట్టడం, కరగడం, మళ్లీ గడ్డకట్టడం జరిగే చోట మంచును నమ్మి మాంసం దాచలేరు. ఇంకొక సాక్ష్యం నార్వేది. పాలను ఇలా పేరబెట్టే విద్య అక్కడినుంచే వచ్చిందని పరిశోధకుల సాధారణ అభిప్రాయం. చలికి కొదవలేని నార్వేలో అది అడుగంటింది, అడవి కరువైన ఐస్‌లాండ్‌లో నిలిచింది. పొగబెట్టిన గొర్రెమాంసం హంగిక్యోత్ కూడా ఇదే చెబుతుంది: దాని పొగకు సంప్రదాయంగా వాడేది ఎండిన గొర్రెపేడ. ఇక చేప విషయంలో ఉప్పు పనిని గాలి చేసింది. ఎండిన హర్ద్‌ఫిస్కుర్‌కు వెన్న రాసి రొట్టెకు బదులు తినేవారు.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది. జనవరి-ఫిబ్రవరి నడుమ థోర్రి మాసపు విందులో వడ్డించే పుల్లని మాంసాలు, హాకర్ల్ అనే పులియబెట్టిన సొరచేప ప్రాచీనం కావని, ఆ విందే 19వ శతాబ్దపు జాతీయవాద విద్యార్థుల పునరుద్ధరణ అని, ఆ వంటకాల పళ్లెం 1958లో రేక్యావిక్‌లోని నౌస్ట్ రెస్టారెంటు ప్రాచుర్యంలోకి తెచ్చినదని విమర్శకులు చూపుతారు. పళ్లెం విషయంలో వారిదే నిజం. అయితే కొత్తగా కూర్చింది వేడుకను మాత్రమే; అందులోని పద్ధతులు తొట్లనాటివి. ఫ్రిజ్‌లు వచ్చి పల్లెల్లో తొట్టి కనుమరుగవుతున్న సమయంలోనే నగరం ఆ రుచిని పండుగకు పరిమితం చేసుకుంది.

బయటి ఉప్పు చివరకు సమృద్ధిగా చేరినప్పుడు దాని ప్రధాన గమ్యం వంటిల్లు కాదు, ఎగుమతి గిడ్డంగి. 19వ శతాబ్దంలో ఉప్పు వేసిన కాడ్ చేప స్పెయిన్ వంటి దేశాలకు ఓడల్లో వెళ్లేది. ఐస్‌లాండ్‌లో 1915 నుంచి అమల్లో ఉన్న మద్యనిషేధాన్ని సడలించి తమ ద్రాక్షసారాయి కొనకపోతే చేప కొనబోమని స్పెయిన్ పట్టుబట్టడంతో, 1922లో వైన్‌కు అనుమతి దొరికింది. జీలకర్రను పోలిన కారవే గింజల వాసనతో ఉండే బ్రెన్నివిన్ వంటి ఘాటు మద్యాలు 1933 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 1935లో తిరిగి వచ్చాయి. అండగా నిలిచే ఉప్పుచేప బేరమేదీ లేని అసలైన బీరు మాత్రం 1989 మార్చి 1 దాకా ఆగవలసి వచ్చింది.